గోడముక్కు

ఆ కాలానికి ప్రతి గది గోడకీ గోడముక్కు అనే ఒక పరికరం వచ్చేసింది. రంగూ వాసనా లేని బొగ్గు విషం గాలిలో చేరితే చాలు, అదే పసిగట్టి కిటికీలు తెరిచేసేది.

సింధూజకు అదంటే ఒళ్లుమంట. పురిటికి వచ్చిన కూతురు ఆద్విక గదిలో కుంపటి పెట్టి సాంబ్రాణి వేసినప్పుడల్లా చలిగాలి లోపలికొచ్చేది. "బాలింతకు జలుబు చేస్తే ఇదొచ్చి చూసుకుంటుందా?" అని గొణుక్కుంటూ, ఆ ఉదయం కుంపటి రాజేసి, గోడముక్కుకు ప్లాస్టిక్ కవరు చుట్టి, తలుపు మూసి వంటింట్లోకి వెళ్లింది.

కాసేపటికి వీధి తలుపు దబదబా మోగింది. ఆద్విక మణికట్టుకున్న ఆరోగ్య పట్టీ ఆమె రక్తంలో విషాన్ని గుర్తించి ఇరుగుపొరుగును పిలిచింది. వాళ్లు తల్లీబిడ్డలను వరండాలోకి మోసుకొచ్చి, వీధికి ఉమ్మడిగా ఉన్న ఆక్సిజన్ పెట్టారు. ఇద్దరూ తేరుకున్నారు.

ఆరోగ్య కార్యకర్త మరియమ్మ కవరు విప్పి తెచ్చి, "దీన్నెవరు చుట్టారండీ?" అని అడిగింది.

"నేనే. చలేసింది," అంది ఆద్విక నీరసంగా.



"చదువుకున్నదానివి, పసిగుడ్డును పక్కలో పెట్టుకుని ఇదేం పనే?" అని పక్కింటావిడ కసిరింది. ఆ మాట సింధూజకు చెంపదెబ్బలా తగిలింది.

"దాన్నేమీ అనకండమ్మా. చుట్టింది నేను," అంది.

ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

"అమ్మా, కాసేపు పాపను ఎత్తుకో. నా చేతులు వణుకుతున్నాయి," అంది ఆద్విక.

మసి అంటిన చేతులు చాచడానికి సింధూజకు ముఖం చెల్లలేదు. వాటిని కొంగుకు తుడుచుకుంటూ, తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయింది.