అలిగిన హన్నమ్మ

“సద్దుల బతుకమ్మ నాడు గూడ గా గడప బోసిగనే ఉంది. ముగ్గు లేదు, తోరణం లేదు. ఇయ్యాల్లన్న అడుగుతవా లేదా ఆండాళూ?” అంది ప్రమీలమ్మ, తంగేడు పూలు గుత్తులు కడుతూ.

ఆండాళు గునుగు పువ్వుకు రంగు అద్దుతూ తలెత్తలేదు. ఆ గడప ఆమెదే. రామన్నపేటలో ఆండాళు, ఆమె భర్త సిద్దయ్య మగ్గం నేసుకునే ఇంటికి ఆనుకొని రెండు గదుల వాటా ఉంది. అందులో మూడేళ్ల నుంచి కిరాయికి ఉంటున్నది హన్నా. ఫిన్లాండ్‌లో ఏదో నేత బడిలో పంతులమ్మట. నూలుకు ముందే రంగులద్ది నేసే మన పద్ధతి నేర్చుకుందామని వచ్చింది. తెలుగు కూడా మగ్గం పక్కన కూర్చునే నేర్చింది కాబట్టి ఆమె నోట రామన్నపేట మాటే వస్తుంది. ఎదురింటి ప్రమీలమ్మ మొదలు గల్లీ వాళ్లందరికీ ఆమె హన్నమ్మ.

మొదటి ఏడు హన్నమ్మ ప్రశ్నలతో ఆడవాళ్ల ప్రాణం తీసింది. “పొద్దంత కష్టపడి పేర్చి, పొద్దుగూకంగ నీళ్లల్ల ఇడుస్తరెందుకు?” అనేది. ఆరో రోజు బతుకమ్మను పేర్చరని, ఆ రోజు తల్లి అలుగుతుందని చెబితే, “ఎవరేమన్నరు ఆమెను?” అని నిజంగానే బాధపడింది. గల్లీ అంతా పడీ పడీ నవ్వింది.

తమ దేశం సంగతులూ చెప్పేది. “మా దగ్గర పండుగంటే తలుపులు మూసుకొని ఇంట్ల చేసుకుంటం. మీరేమో రోడ్డు మీద చేసుకుంటరు. మేం నవ్వినా ఏడ్చినా లోపట్నే. పక్కింటోళ్లకు తెల్వనియ్యం.”

“మరి పక్కిల్లు దేనికే?” అని ప్రమీలమ్మ అడిగింది.

రెండో ఏడు అందరికంటే ముందు లేచి, చేలగట్ల వెంట తిరిగి పువ్వు కోసుకొచ్చింది. మోకాలెత్తు బతుకమ్మను పేర్చి, చప్పట్లు తప్పకుండా ఆడింది. ‘మా హన్నమ్మ’ అంటూ ఆండాళు చుట్టాలందరికీ ఫోటోలు పంపించుకుంది. అవతలి వాళ్లు చూశారో లేదోనని మళ్లీ ఫోన్లు కూడా చేసింది.

అట్లాంటి మనిషి ఈ ఏడు ఉన్నట్టుండి మారిపోయింది. ఎండాకాలం చివర వాళ్ల దేశం పోయి పదిహేను రోజులుండి వచ్చింది. అప్పటి నుంచే తేడా. శ్రావణంలో బోనం ఎత్తమంటే, “మీరెత్తుండ్రి, నేను చూస్త” అంది. వినాయకుడి పందిరిలో అడుగు పెట్టలేదు. గరిజెలు చేద్దాం రమ్మంటే రాలేదు. చేసి పంపితే మాత్రం తిని, గిన్నె తళతళా తోమి ఇచ్చింది.

“పెట్టింది తింటది. చెయ్యిమంటే చెయ్యదు” అంది ప్రమీలమ్మ మళ్లీ. “బతుకమ్మ ఒక్క దినమే అలుగుతది. గీమె నాలుగు నెల్లసంది అలిగింది. సొంత దేశం గాలి తాకంగనే మనం మోటోళ్లమైనం. ఖాళీ చేయించు, పీడ పోతది. బ్యాంకు సారు ఇల్లు కావాలని తిరుగుతనే ఉన్నడు.”

ఆండాళుకు అన్నిటికన్నా చీర దగ్గర మనసు విరిగింది. సిద్దయ్యతో పోరుపెట్టి మరీ, హన్నమ్మ కోసమని ఆకుపచ్చ అంచుతో చీర నేయించింది. మొన్న తీసుకుపోయి ఇస్తే ఆమె రెండు చేతులా తడిమి, మడత కూడా విప్పకుండా తిరిగి చేతిలో పెట్టింది. “ఇప్పుడొద్దక్కా. మీ దగ్గర్నే ఉండనీ” అంది. ఆ పూట ఆండాళుకు అన్నం సహించలేదు. సొంత చెల్లెలు కాదన్నా అంత బాధపడేది కాదేమో.

“అడిగొస్త” అంటూ చేతులు తుడుచుకుని లేచింది.

“పండుగ పూట మనిషిని ఖాళీ చెయ్యమంటరానే?” అరుగు మీది నుంచి సిద్దయ్య అడ్డుపడ్డాడు.

“పండుగ మనకు. గామెకేం పట్టింది?”

వాటా తలుపు తీసే ఉంది. హన్నా నేల మీద కూర్చుని నూలుకు ముళ్లు వేస్తోంది. ఒంటి మీద పాత బట్టలు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. “రా అక్కా, కూసో” అంది.

ఆండాళు కూర్చోలేదు. “సూటిగనే అడుగుత. మా మీద కోపమొచ్చిందా నీకు?”

హన్నా బిత్తరపోయింది. “లేదక్కా! ఎందుకు?”

“ఎందుకా? ముగ్గెయ్యవు. పువ్వు ముట్టవు. నీకోసం నేయించిన చీర కట్టవు. గల్లీ గల్లీ అనుకుంటాంది. నీ మీద ఈగ వాలనియ్యకుంట అందరితోని మాటలు పడ్డ. మేం నచ్చకుంటే మొకం మీద చెప్పు. దసరా ఎల్లినంక ఇల్లు ఖాళీ చేద్దువు.”

పోతే పోనీ అనుకుని వచ్చిందే గానీ, అనేశాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది ఆండాళుకు.

హన్నా చేతిలోని నూలు కింద పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మీకందరికి సమజైందనుకున్నక్కా. గందుకే ఎవ్వరు ఏం అడుగుత లేరనుకున్న.”

“ఏం సమజైతది? నువ్వు చెప్పంది మాకెట్ల తెలుస్తది?”

“మా అమ్మ పోయిందక్కా... యాడాది దాక పండుగ చెయ్యొద్దు గద.”