యతి కుదిరింది

మనవరాలు ఫణిశ్రీ కంప్యూటర్ ముందు ఏడుపు మొహంతో కూర్చుంది. రెండు ఫాస్ఫటేజ్ ఎంజైము కుటుంబాల ఆకారాలను ఒకదానిపై ఒకటి పేర్చాలట. ఎక్కడా కలవడం లేదు. సాయంత్రంలోగా పోలిక చూపించకపోతే ప్రాజెక్టు మార్చుకోమన్నారట వాళ్ళ మాస్టారు.

“వాటిలో ఒక్కో ముక్కకీ ఒక్కో అక్షరం పెట్టి వరుసగా రాస్తారన్నావుగా, ఇలా తే,” అన్నాను. రాజమండ్రి పిల్లలకు ముప్ఫై ఏళ్ళు పద్యాల్లో యతి చూపించినదాన్ని. వేలు పెట్టి చదివాను.

“ఇదిగో. రెండింట్లోనూ సి, మధ్యలో ఏవో ఐదక్షరాలు, ఆపైన ఆర్. రెండు పాదాల్లోనూ ఒకే దూరంలో పడ్డాయి, యతి కుదిరిందే.”

“ఉండు మామ్మా, ఉండుండు.” ఆ చోటు పట్టుకుని ఆకారాలను మళ్ళీ పేర్చింది. లోపలి గుంటలు రెండూ అచ్చంగా ఒకదానిలో ఒకటి ఒదిగాయి. ఇద్దరం చేతులు పట్టుకుని వంటింటిదాకా గంతులేశాం.

మాస్టారికి ఫోను చేసి, మొహం వేలాడేసుకుని వచ్చింది. “ఎవరో దొరగారు ఎనిమిదేళ్ళ కిందటే కనిపెట్టేశారుట మామ్మా. నేను పట్టుకోగలనో లేదో అని మాస్టారు చూశారుట.”

“ప్రాజెక్టు ఉన్నట్టా, పోయినట్టా?”

“ఉన్నట్టే.”

“అయితే ఆ దొరగారి చిరునామా కనుక్కో. ఆయనకి ఛందస్సు చెప్పిన మాస్టారెవరో అడగాలి.”