పళ్ళకు పూసిన జాలి

“సిగ్గులేని సన్నాసుల్లారా! నా బండి పళ్ళల్లో ఇసుక కలిపిన గ్రీజు కూరిందెవడ్రా?”

గ్లెనిస్ తన రిమోట్ కారును రిఫరీ మెర్వ్ బల్ల మీద ఠపీమని పెట్టి పక్కకు వంచింది. బండి మీద తొడిగిన ఆకుపచ్చ ప్లాస్టిక్ టోపీ కింద పళ్ళచక్రాలకు ఎర్రటి ముద్ద పట్టేసి ఉంది. బ్రోకెన్ హిల్ దుమ్ములో తిరిగే బండికి బయటి పళ్ళు పొడిగా ఉండాలి. గ్రీజు పూస్తే దుమ్మంతా దానికే అంటుకుని, ఆకురాయిలా పళ్ళను అరగదీసేస్తుంది. ఆ ఊళ్ళో ఇది తెలియని దద్దమ్మ లేడు.

సాసేజ్ కొరుకుతూ కూర్చున్న డారెల్ తల దించుకున్నాడు. మూడేళ్ళుగా రిమోట్ కార్ల పందెం ఫైనల్లో వాడు ఆమె చేతిలో ఓడుతూనే ఉన్నాడు. ఇద్దరివీ ఒకే అచ్చు కార్లు. టోపీలే వేరు, వాడిది నీలం. జనమంతా సాసేజ్‌ల కోసం వరస కట్టినప్పుడు ఆకుపచ్చ టోపీ కింద వేలు దూర్చింది వాడే.

“పది నిమిషాల్లో ఫైనల్. చేసినవాడు ఒప్పుకోకపోతే రద్దు. కప్పు బీరువాలోకే పోతుంది,” అన్నాడు మెర్వ్.

కప్పు పోతుందనేసరికి డారెల్ చెయ్యెత్తాడు. “నేనే పూశాను. పళ్ళు మరీ ఎండిపోయాయని జాలేసింది. ఇసుక దానంతటదే అంటుకుందేమో.”

“జాలా! కట్టుకున్నోడికే లేదురా నామీద అంత జాలి!”

అందరూ గొల్లున నవ్వారు.

“పోనీలే తల్లీ, పొరపాటనుకో,” అన్నాడు మెర్వ్.

“సరే. బండి కడుక్కోడానికి అరగంట ఇప్పించు.”

“కుదరదు!” డారెల్ ఎగిరి లేచాడు. “చెడిన బండికి టైమిచ్చే రూలు లేదు. ఎలా ఉన్నదాన్ని అలాగే తోలాలి.”

“నీ బండికైనా అంతేనా?”

“నాదైనా, మా అమ్మదైనా అంతే! రూలంటే రూలే.”

“విన్నావుగా మెర్వ్, రాసుకో. వీడితో సంతకం పెట్టించు.”

డారెల్ నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటూ సంతకం గీకేశాడు.

గ్లెనిస్ వాడి ముందు చెయ్యి చాచింది.

“నీ బుద్ధి తెలిసే టోపీలు మార్చాను, నా బండి ఇటివ్వరా!”