ఎర్ర పట్టుపోగు

బస్సు అనంతపురం పొలిమేర చేరేసరికి పద్మప్రియ కొంగు కుచ్చుల పోగులన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి.

"ఏమి చేస్తాండావు వాటిని?" అన్నాడు ఓబిలేష్.

"ఊరికే. ఏమీ తోచక," అని కొంగు ఒళ్లో దాచుకుంది.

పెళ్లయి మూడు నెలలు. ఇద్దరూ కలిసి బస్సెక్కడం ఇదే మొదటిసారి. కాకపోతే కిటికీ పక్క సీటు కంప్యూటర్‌కు ఇవ్వాల్సి వచ్చింది. దుప్పటి చుట్టుకుని అది పెళ్లికూతురిలా కూర్చుంది. బస్సు గుంతలో పడినప్పుడల్లా ఇద్దరి చేతులూ ఒకేసారి దాని మీదికి పోయేవి. అప్పుడొకరి వేళ్లకు ఒకరి వేళ్లు తగిలేవి. గుంతలు ఇంకొన్ని ఉన్నా బాగుండుననిపించింది పద్మప్రియకు.

ధర్మవరంలో ఓబిలేష్ పట్టుచీరలకు డిజైన్లు వేస్తాడు. చీర మగ్గం ఎక్కకముందే, దాన్ని కట్టుకున్న బొమ్మను తెర మీద నడిపించి చూపిస్తాడు. ఆ పనికి కంప్యూటర్‌లో పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలి. సోమవారం సాయంత్రం ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, తెర నల్లబడింది. అనంతపురంలో రిపేరు చేసే తౌఫిక్ ఫోన్‌లో ఒకటే మాట చెప్పాడు. మూత తీయొద్దు, ఉన్నదున్నట్టు తెమ్మన్నాడు. ఓబిలేష్ అప్పటికప్పుడే దాని చుట్టూ టేపు వేసి, మంచం పక్కన పెట్టుకున్నాడు.

అనుమానమంతా తండ్రి మీదే. నాగన్న నలభై ఏళ్లు మగ్గం నేసినవాడు. చూపు మందగించి మగ్గం దిగాక, కొడుకు వెనక కుర్చీ వేసుకుని తెర చూడటమే ఆయనకు కాలక్షేపం. మగ్గం మీద కనబడని బుటా బొమ్మలు తెర మీద పెద్దగా కనబడతాయి. నెమలి మెడ వంకరపోయిందని కొడుకు కంటే ముందే పట్టేస్తాడు. కానీ చేతులు ఊరుకోవు. ఒకసారి తెరను తడిగుడ్డతో తుడిచాడు. ఇంకోసారి మౌస్ వైరు పొడుగైందని మడిచి కట్టేశాడు.

సోమవారమే ఓబిలేష్ తేల్చి చెప్పాడు. "దీంట్లో నీ చెయ్యి ఉండాదని తెలిస్తే ఆ గదికి బీగం వేస్తా నాయనా."

నాగన్న కుర్చీ తెచ్చి వాకిట్లో వేసుకున్నాడు. మూడు రోజులుగా రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ అక్కడే కూర్చున్నాడు. అలిగాడనుకున్నాడు ఓబిలేష్.

టవర్ క్లాక్ దగ్గరి సందులో తౌఫిక్ దుకాణం. ఓబిలేష్ టేపు కోశాడు. తౌఫిక్ కంప్యూటర్ పక్క మూత లాగి, టార్చి వేసి చూశాడు. కార్డుకు కరెంటిచ్చే కనెక్టరు ఒక మూల కరిగి, నల్లగా అతుక్కుపోయింది.

"ఇంత చిన్న దాంట్లో నుంచే కార్డుకు కావాల్సిన కరెంటంతా పోవల్ల అన్నా," అన్నాడు తౌఫిక్. సన్న పిన్నులు పన్నెండు ఉంటాయట. నిండా దిగితే తలా ఇంత మోస్తాయట. కొంచెం బయటికి జరిగినా మోత మొత్తం రెండు మూడు పిన్నుల మీద పడి, అవి కాగి ప్లాస్టిక్ కరిగిపోతుందట.

"నేను నిండా దించినానే?"

"దించినావు. తర్వాత ఎవురో లాగినారు." తౌఫిక్ టార్చి కిందికి దించాడు. కనెక్టరును ఆనుకునే కేబుల్‌ను వంచి, పక్క కమ్మీకి బిగించి కట్టి ఉంది. ఎర్ర పట్టుపోగుతో.

ఓబిలేష్ ఆ ముడిని చూశాడు. తెగిన పోగును అతికేటప్పుడు మగ్గం మీద వేసే ముడి అది. చిన్నది, నున్నది, లాగేకొద్దీ బిగిసేది.

"మా నాయనే," అన్నాడు. "ఈ పొద్దే బీగం కొనుక్కొని పోదాం పా."

"నేను కట్టినా," అంది పద్మప్రియ.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"పోయిన వారం దుమ్ము తుడిచేటప్పుడు మూత తీసినా. వైరు వేలాడతాంటే బాగలేదని కట్టినా. చెప్పడానికి భయమేసింది."

ఓబిలేష్ నమ్మలేదు. "మీది కణేకల్లు. మీ ఇంట్లో వరి తప్ప ఇంకోటి తెలీదు. ఈ ముడి నీకెట్లొస్తుంది?"

"మామ నేర్పించినాడు."

తౌఫిక్ కత్తెరతో పోగు తెంపి ఆమె ముందు పెట్టాడు. "కట్టి చూపించు వదినా. కేసు తేలిపోతాది."

పద్మప్రియ రెండు కొసలూ తీసుకుంది. ఎడమ బొటనవేలి కింద ఒకటి నొక్కి, రెండోదాన్ని చుట్టి, లోపలికి దూర్చి లాగింది. చూస్తుండగానే పడిపోయింది ముడి. చిన్నది, నున్నది.

ఓబిలేష్ కాసేపు ముడినీ, కాసేపు ఆమెనూ చూశాడు. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. "ముడి నేర్పినాయన వైర్లకు కట్టగూడదని నేర్పల్యా?"

"సాలెవాళ్ల కోడలే అన్నా. ఇంక తిరుగు లేదు," అన్నాడు తౌఫిక్. కార్డు బాగానే ఉందన్నాడు. కనెక్టరు మార్చి కొత్త కేబుల్ వేస్తానని, శనివారం వచ్చి తీసుకెళ్లమని చెప్పాడు.

బయటికొచ్చి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నారు. ఆ మంటకు ఓబిలేష్ కళ్లు తుడుచుకుంటూ ఇంటికి ఫోన్ చేశాడు.

"నాయనా, కుర్చీ గదిలో వేసుకో. నేనే తొందరపడి అన్నా. కట్టింది నీ కోడలంట."

నాగన్న కోడలికి ఫోన్ ఇమ్మన్నాడు. ఆమె విని, "సరే మామా," అని మాత్రం అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు పద్మప్రియకే దొరికింది. ఓబిలేష్ భుజానికి ఆనుకుని, కొంగు ఒళ్లో పరుచుకుని, కుచ్చుల ముడులు ఒక్కొక్కటే విప్పుకుంటూ కూర్చుంది.

మామ ఆమెకు ఆ ముడి నేర్పింది, తెర నల్లబడిన మరునాడు.