అక్కకో మాత్ర, చెల్లెలికో మాత్ర

“ఆపరేషనైన వైపు చేత్తో నీళ్ళ క్యాను ఎత్తుతావేంటే! చెయ్యి వాచిపోతే?” గుమ్మంలోంచే కేకేసి క్యాను లాక్కుంది అక్క.

“ఏం కాదులే అక్కా,” అంది చెల్లెలు, తలకు కట్టుకున్న గుడ్డ సర్దుకుంటూ.

అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గింది. చెల్లెలినీ ఆమె భర్తనీ ఎవరో క్యాన్సర్ ఆసుపత్రిలో చూశారని తెలిసి, ఎవరికేమైందో చెప్పమని ఫోన్లో నిలదీసింది. “నాకే,” అంది చెల్లెలు. ఇక అక్కకు కాలు నిలవలేదు.

సోఫాలో చెల్లెలి భర్త నున్నటి గుండుతో జారగిలబడి ఉన్నాడు. వ్యాయామశాలలో కుర్రాళ్ళ చేత బరువులెత్తించే ఆయన్ని అందరూ వస్తాదు అంటారు.

“నీ జుట్టు ఊడిందని తనూ గుండు కొట్టించుకున్నాడా! మొగుడంటే అలా ఉండాలి. మీ బావ నా ఆపరేషన్ రోజున కూడా మీసానికి రంగేసుకొచ్చాడు.”

వస్తాదు తల దించుకున్నాడు.

“మీరిలా డీలా పడితే ఎలా మరిదిగారూ? దానికి ధైర్యం చెప్పాల్సింది మీరే.”

“అలాగే వదినా.”

సోఫా పక్కన బల్ల మీదున్న మాత్రల అట్ట అక్క కంటపడింది. చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

“ఇది నా మాత్ర కాదే! ఇద్దరిదీ హార్మోన్ పాజిటివ్ రకం క్యాన్సరే అన్నావుగా? నాకు కీమో లేదు, నీకు పెట్టారు. ఇప్పుడు మాత్ర కూడా వేరేనా? ఎక్కడో పొరపాటు జరిగింది. రేపు ఆసుపత్రికి నేనూ వస్తా.”

“వద్దక్కా...”

“నువ్వూరుకో.”

మర్నాడు ముగ్గురూ వెళ్ళారు. కూర్చోకముందే అక్క గొడవకు దిగింది. డాక్టరమ్మ ఓపిగ్గా వింది.

“హార్మోన్ పాజిటివ్ అన్నది ఇంటిపేరు లాంటిదమ్మా. ఇంటిపేరు ఒకటైతే మనుషులు ఒకటవుతారా? మీ గడ్డ చిన్నది, చంకలో గ్రంథులకు పాకలేదు. ఇక్కడ పాకింది, అందుకే కీమో.”

“మరి మాత్ర?”

“మీది నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకిచ్చే మాత్ర.”

“దీనికీ ఆగిపోయిందిగా! నా దగ్గర ఏదీ దాచదండీ ఇది.”

డాక్టరమ్మ చెల్లెలి వైపు చూసింది, తర్వాత వస్తాదు వైపు.

ఆ చూపులకు అక్క బెదిరిపోయింది. “ముదిరిపోయిందా డాక్టరుగారూ? అందుకేనా నా మాత్ర ఇవ్వట్లేదు? అమ్మ పోయాక నాకు మిగిలింది ఇదొక్కతే. దీన్ని పోగొట్టుకుని నేను బతకలేను.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

చెల్లెలు భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన మెల్లగా ఆ చెయ్యి విడిపించుకుని లేచాడు.

చొక్కా విప్పి, ఛాతీ మీద రొమ్ము తీసేసిన చోట కుట్లు వదినకు చూపించాడు.