సౌండ్ వచ్చిందా వదినా?

"వచ్చిందా వదినా?"

"రాలే ఎల్లేషూ."

కరుణ కీప్యాడ్ ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్ ఫోన్ పొద్దున్నే భర్తతో పాటు పనికి పోతుంది. అందుకే ఈ పాత పెట్టె. విండోస్‌ను మోయలేక మూలుగుతోందని మరిది ఎల్లేష్ మొన్న వచ్చినప్పుడు దాన్ని తుడిచేసి, లైనక్స్ ఎక్కించి, పిల్లల పాటలు వేసి నందికొండకు వెళ్లిపోయాడు. బొమ్మ చక్కగా వస్తోంది. చప్పుడే లేదు.

హెడ్‌ఫోన్‌ను ముందు కరుణే పెట్టుకుని చూసింది. ఏమీ వినిపించలేదు. ఇప్పుడు చేతులు రెండూ కీబోర్డు మీద, చెవి ఫోన్ మీద ఉన్నాయి. అందుకని హెడ్‌ఫోన్‌ను పక్కన కూర్చున్న కూతురికి చెవులు మూసుకునేలా తగిలించింది. పాట రాగానే పిల్ల మొహమే చెబుతుంది కదా. మూడేళ్లు నిండిన నిరోష తెర మీద గంతులేస్తున్న కోతినే చూస్తోంది.

"నల్లగ ఒక డబ్బ తెరుసుకున్నది. ఇగ ఏం కొట్టాలె?"

"ఎ, ఎల్, ఎస్, ఎ... జర నిమ్మళంగ కొట్టు వదినా. ఎం, ఐ, ఎక్స్, ఇ, ఆర్. ఎంటర్ నొక్కు."

తెర మీద నిలువు గొట్టాలు వరసగా లేచాయి.

"హెడ్‌ఫోన్ అని ఉన్నదాని మీద ఏం రాసి ఉన్నది?"

కరుణ కూడబలుక్కుని చదివింది. "ఎం... ఇంకో ఎం."

"గదే! నోరు మూసిన గుర్తు. బాణంతోని గాడికి పోయి ఎం నొక్కు."

నొక్కింది. "అయ్యో, సున్న సున్న పడ్డది! అంత పోయిందా?"

ఎల్లేష్ నవ్వాడు. "పోలే తల్లీ. మూత తీసినట్టు. పై బాణం నొక్కి గొట్టం నిండ నింపు. పాట పెట్టు."

పెట్టింది. బయట పక్కింటి పిండిగిర్ని గడగడలాడుతోంది. కరుణ కూతురి మొహంలోకి చూసింది. నిరోష ఇందాక ఎలా చూస్తోందో అలాగే చూస్తోంది.

"వచ్చిందా?"

"రాలే."

గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతున్న అత్త నర్సింగమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "గా పెట్టె పాడుగాను! పాటలు పెడితే మాటలొస్తయా? నాలుకకు వస రాస్తిమి. చిలుక కొరికిన జామపండు తినిపిస్తిమి. గప్పుడే రాలే."

"అంగన్‌వాడీ టీచర్ చెప్పింది అత్తమ్మా. పాటలు ఇనంగ ఇనంగ మాటలు అందుకుంటరట. సోమవారం బడిల దాని పేరు అడుగుతరు. నోరు తెరవకుంటే బడిల చేర్చుకోరట."

"దాని తాత పోలిక. ఆయన గూడ నాలుగేండ్ల దాక మాట్లాడలే. నువ్వు ఉత్తగ ఫికర్ చేస్తవు."

కరుణ కూతురి మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసింది. ఆకలైనా చెప్పదు, దెబ్బ తగిలినా చెప్పదు. బడి సంగతి దేవుడెరుగు, అమ్మా అని ఒక్కసారి పిలిస్తే చాలు అనుకుంటూ ఏడాదిగా ఎదురుచూస్తోంది.

"వదినా, ఉన్నవా? సెట్టింగుల్లకు పో. సౌండ్ ఏడికి పోతున్నట్టు చూపెడుతున్నది?"

"హెడ్‌ఫోన్ మీదనే చుక్క ఉన్నది."

"పాట నడుస్తుంటే కింద గీత ఎగురుతున్నదా?"

"మస్తుగ ఎగురుతాంది."

"గీత ఎగిరితే సౌండ్ రావాలె గద! వంద దాటించు. ఎర్రగ అయితది, అయినా దాటించు."

"దాటించిన."

"ఇప్పుడు?"

కరుణ మళ్లీ పిల్లను చూసింది. "ఏం లేదు."

బంద్ చేసి మళ్లీ చాలూ చేయమన్నాడు. చేసింది. పిన్ను పీకి గట్టిగా గుచ్చమన్నాడు. గుచ్చింది. ఇంకేవో అక్షరాలు చెప్పాడు, తప్పు పడితే తుడిచి మళ్లీ కొట్టింది. ప్రతిసారీ పాట పెట్టడం, పిల్ల మొహం చూడడం, "రాలే" అనడం.

చివరికి అటు వైపు నుంచి నిట్టూర్పు వినిపించింది. "ఇగ నాతోని కాదు వదినా. లైనక్స్ తప్పేం లేదు. సౌండ్ కార్డే సచ్చిపోయినట్టుంది. పాతసామాన్లోడు వస్తే ఏసెయ్."

"నువ్వొకసారి వచ్చి చూడరాదు?"

"వచ్చినా ఏం చేస్త? సచ్చినదాన్ని లేపుతనా?"

కరుణ కళ్లు తుడుచుకుంది. పిల్ల తల మీంచి హెడ్‌ఫోన్ తీసింది. వైరు చుట్టబోతూ, ఎందుకో ఒకసారి ఖాళీగా ఉన్న చెవికి ఆనించుకుంది.

కెవ్వున అరిచి దాన్ని విసిరికొట్టింది. చెవిలో దబ్బనం దిగినట్టయింది. ఆ అరుపుకు నర్సింగమ్మ చేతిలోని చిక్కుడుకాయలు నేలపాలయ్యాయి. కింద పడ్డ హెడ్‌ఫోన్ కోతి పాటను ఇంకా గీపెడుతూనే ఉంది.

నిరోష తల తిప్పలేదు. తెర మీది కోతిని చూసి నవ్వుతోంది.

"వదినా! ఏమైంది? ఎందుకు అరిచినవ్? సౌండ్ గిట వచ్చిందా?"

కరుణ కూతురిని చూస్తూనే చెప్పింది.

"ఎప్పుడో వచ్చింది ఎల్లేషూ. కంప్యూటర్ మంచిగనే ఉన్నది."