మింగేసిన మాట

"దొరగారిని సూడాల," అంది బంగళా గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడిన ముసలామె.

"ఈ పొద్దు కుదరదవ్వా. దొరలకి రెస్టు," అన్నాడు సుకుమార్.

"దేవుడు ఆరు దినాలు పని చేసి ఏడో దినం రెస్టు తీసుకున్నాడు. మీ దొరలకి నాలుగు దినాలకే వచ్చేసిందా నాయనా?"

వాచ్‌మన్ చిన్నబ్బ కిసుక్కున నవ్వాడు. సుకుమార్‌కు ఒళ్లు మండింది.

విదేశం నుంచి సువార్త యాత్రకు వచ్చిన బృందం కార్వేటినగరంలో ఈ బంగళాలో దిగి ఐదు రోజులైంది. నాలుగు సాయంత్రాలు సభలు జరిగాయి. ఈరోజు విశ్రాంతి, రేపు ఆఖరి సభ. దొర ఇంగ్లీషులో ఒక మాట అంటే, పక్కన నిలబడి దాన్ని తెలుగులో తర్జుమా చేసేది సుకుమారే. "దొర కన్నా నువ్వే బాగా చెప్తావప్పా" అని ఊరంతా పొగుడుతుంటే, అతని కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"దొరతో ఏం పని నీకు?"

"నిన్న రోగుల ప్రార్థన అయినాక ఆయన ఒక మాట చెప్పినాడు. నువ్వు దాన్ని చెప్పలా."

సుకుమార్ గతుక్కుమన్నాడు.

'ప్రార్థన చేశాం కదా అని మందులు మానకండి. డాక్టరు చెప్పేదాకా వేసుకోండి.' దొర అన్నది ఇదే. పందిట్లో జనమంతా చేతులెత్తి, కన్నీళ్లు పెట్టుకుని ఉన్నారు. అంత ఊపులో మాత్రల సంగతేమిటి, జనం చల్లబడిపోతారు అనుకున్నాడు సుకుమార్. ఆ మాట వదిలేసి, "స్వస్థత కలిగింది, హల్లెలూయా!" అని అరిచాడు. పందిరి దద్దరిల్లింది.

"నీకు ఇంగ్లీషు వస్తుందా?"

"వస్తుంది గాబట్టే ఎండలో వచ్చినా. జనం మాత్రలు పారేస్తా ఉండారు. దొరని పిలువు, ఇప్పుడే మైకులో చెప్పించు."

"రేపు సభలో చెప్తాంలే."

"రేపటిదాకా రోగం ఆగుతుందా? పోనీ, ఆ మైకు నాకియ్యి. నేనే వీధి వీధికీ చెప్పుకొస్తా."

"మైకు ఇచ్చేదానికి నువ్వెవురు?"

"నేనెవురైతే నీకేం? చెప్పేది నిజమా కాదా సూడు."

"చిన్నబ్బా, గేటు వెయ్యి!"

"వేసుకోండి. నా నోటికి గేటు వెయ్యలేరు గదా!"

ముసలామె గొడుగు విప్పి, గబగబా సుకుమార్ వాళ్ల కాలనీ దారి పట్టింది.

వరండాలో పుస్తకం చదువుకుంటున్న దొర తలెత్తాడు. ఆమె ఏం కావాలందని అడిగాడు.

"ప్రార్థన చేయమంది," అని ఇంగ్లీషులో చెప్పాడు సుకుమార్.

పాపం, దొర కళ్లు మూసుకుని ఆమె కోసం ప్రార్థన చేశాడు. సుకుమార్‌కు సిగ్గేసింది. సిగ్గుపడ్డవాడు అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా! విప్పలేదు.

మధ్యాహ్నం చెల్లెలు జెస్సీ ఫోన్ చేసింది.

"అన్నా, అమ్మకి మళ్లీ ఫిట్స్ వచ్చినాయి!"

"మాత్ర వేసుకోలేదా?"

"డబ్బా నిన్ననే పారేసింది. ఎందుకని అడిగితే, 'నా కొడుకే స్టేజీ మీద చెప్పినాడు, నాకు బాగైపోయింది' అంటా ఉండాది."

సుకుమార్ దిగ్గున లేచాడు.

"ఇప్పుడెట్ల ఉండాది?"

"తెలివొచ్చింది. ఎవురో అవ్వ, మాత్రలు మానొద్దని చెప్పేదానికి వచ్చింది. టయానికి ఆమె ఉండబట్టి సరిపోయింది. అమ్మని పక్కకు తిప్పి పండబెట్టి, నర్సమ్మను పిలిపించింది."

సుకుమార్ మైకు, స్పీకరు పెట్టె తెచ్చి ఆటోలో పడేశాడు. సభల పెద్ద రాజారత్నం పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"ఎవుర్నడిగి తీసినావు? ఈ పొద్దు రెస్టు!"

"ఎవుర్నీ అడగలా."

"ఇప్పుడు తప్పు చెప్పినామని అరిస్తే సభల పరువేం గావాల?"

"పరువు మీరు సూసుకోండి. మింగిన మాట నేనే కక్కాల. జరగండి!"

ఇంటిదాకా దారి పొడుగునా మైకు మోగింది.

"దొర మందులు మానొద్దన్నాడు! ఆ మాట చెప్పకుండా ఎగ్గొట్టింది నేను! తప్పు నాది! మాత్రలు వేసుకోండి!"

జనం గడపల్లోకి వచ్చి వింతగా చూశారు. చూడనీ అనుకున్నాడు.

ఇంట్లో అమ్మ మంచం మీద నిద్రపోతోంది. కొత్త మాత్రల అట్ట తలగడ పక్కనే ఉంది. సుకుమార్ ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ అవ్వ యాడ?"

"ఇందాకే పుత్తూరు బస్సెక్కింది. నీ మైకు వినపడినాకే లేచింది."

వీధి చివరిదాకా పరుగెత్తి చూసి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"వందనం చెప్పుకుందామంటే లేకపాయె. ఎవురు జెస్సీ ఆమె? నర్సా?"

"నేనూ అదే అడిగినా అన్నా," జెస్సీ గొంతు తగ్గించింది. "ముప్పై ఏండ్ల కింద నాయుడుపేట సభల్లో దొరలకి తర్జుమా చేసిందంట, మందులు మానొద్దన్న మాట నీ మాదిరే మింగేసిందంట, ముందు వరసలో కూర్చుని విన్న ఆమె మొగుడు మాత్రలు పారేసి, నెల తిరక్కుండానే పోయినాడంట."